కుర్రాళ్ల జట్టు టైటిల్‌కు ఎంత దూరంలో ఉందో లెక్కకట్టడం ఎలా

2021 డిసెంబరు 2న మెంఫిస్‌లో ఓక్లహోమా సిటీ థండర్ 152-79 స్కోరుతో, అంటే 73 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. అంతకుముందు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏ జట్టూ అంత తేడాతో ఓడలేదు. ఆ సీజన్‌ను మెంఫిస్ 56 విజయాలతో పశ్చిమ విభాగంలో రెండో స్థానంలో ముగించగా, థండర్‌కు 24 విజయాలే మిగిలాయి. రెండూ కుర్రాళ్ల జట్లే. రానున్న రెండు మూడేళ్లలో కప్పు మెంఫిస్‌దేనని అప్పట్లో అడిగినవారికీ అడగనివారికీ నేను ఘంటాపథంగా చెప్పాను. తీరా 2025 ఏప్రిల్‌లో అవే రెండు జట్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) తొలి రౌండులో ఎదురుపడితే, మొదటి మ్యాచ్‌లోనే థండర్ 51 పాయింట్ల తేడాతో నెగ్గి, సిరీస్‌ను 4-0తో ముగించింది. రెండు నెలల తర్వాత, జూన్ 22న, ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానాను 103-91తో ఓడించి కప్పు కూడా అందుకుంది. మనకు అది మర్నాటి ఉదయం, ఆఫీసుకు బయలుదేరే వేళ. ఆ రోజు నా పాత అంచనాను మళ్లీ తీసి చూసుకుంటే, నేను చూడవలసిన లెక్కలు చూడకుండా గెలుపుల పట్టిక ఒక్కటే చూశానని అర్థమైంది. ఈ పద్ధతి ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నంలో కుదిరింది.

ఇందుకు కావలసిన సమాచారమంతా బహిరంగంగా దొరికేదే: జట్టు సగటున చేసిన పాయింట్లు, ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లు, ముఖ్యమైన ఏడెనిమిది మంది ఆటగాళ్ల పుట్టిన తేదీలు, వారి కాంట్రాక్టులు ముగిసే సంవత్సరాలు. వీటితో పాటు ఆ జట్టు ఆడిన మూడు నాలుగు మ్యాచ్‌ల చివరి క్వార్టర్లను ఓపికగా చూడాలి.

మొదట గెలుపోటములను పక్కనబెట్టి, ఒక్కో మ్యాచ్‌కు సగటు పాయింట్ల తేడా ఎంతో చూడండి. దాన్ని 2.7తో గుణించి 41 కలిపితే, 82 మ్యాచ్‌ల సీజన్‌లో ఆ జట్టు స్థాయికి తగిన విజయాల సంఖ్య ఉజ్జాయింపుగా వస్తుంది. 2022-23లో థండర్ 40 గెలిచి 42 ఓడింది. పట్టిక మాత్రమే చూసినవారికి అది సగటుకు కాస్త తక్కువ జట్టు. కానీ సగటు తేడా మాత్రం ప్రత్యర్థుల కంటే 1.1 పాయింట్లు ఎక్కువ, అంటే 44 విజయాల స్థాయి. మరుసటి ఏడాది ఆ తేడా 7.4కు పెరిగి 57 విజయాలు వచ్చాయి. ఆ పై ఏడాది 12.9కు చేరి 68 విజయాలు వచ్చాయి. తేడా మరీ పెద్దదైనప్పుడు ఈ సూత్రం విజయాలను కొంచెం ఎక్కువ చేసి చూపుతుంది కాబట్టి దాన్ని తులాభారంలా కాక, చేత్తో బరువు చూసినట్లు వాడుకోవాలి. నా అనుభవంలో తేడా 3 దాటితే ప్లేఆఫ్స్‌కు తగిన జట్టు, 6 దాటి సీజన్ పొడుగునా నిలబడితే టైటిల్ గురించి మాట్లాడదగ్గ జట్టు.

ఆ తేడాలో నిలిచేది ఎంత, కలిసొచ్చింది ఎంత అని విడదీయడం తర్వాతి పని, చాలామంది వదిలేసే పని కూడా. ప్రత్యర్థులు ఎన్ని త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయగలుగుతున్నారన్నది చాలావరకు మన రక్షణ చేతుల్లో ఉంటుంది. వేసినవాటిలో ఎన్ని వలలో పడతాయన్నది అంతగా ఉండదు. అందువల్ల ఒక కుర్ర జట్టు నవంబరు, డిసెంబరు నెలల్లో అద్భుతంగా రక్షిస్తున్నట్లు కనిపిస్తే, ఎదుటివారు ఖాళీగా దొరికిన బంతులను కూడా తప్పుతున్నారేమో ముందుగా సరిచూసుకోండి. ప్రత్యర్థుల ఫ్రీ త్రోల శాతమూ అంతే. దాన్ని ఏ కోచ్ శిక్షణా మార్చలేదు. దీనికి భిన్నంగా, బంతి లాక్కోవడం, రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతులు) పట్టడం, తమ చేతిలోని బంతిని పోగొట్టుకోకపోవడం అనేవి నెల నెలకూ పెద్దగా మారని గుణాలు. థండర్ ఎదుగుదల నిలిచేదేనని చెప్పడానికి ఆధారం ఇక్కడే దొరికింది. 2025 ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో ఇండియానా 25 సార్లు బంతిని పోగొట్టుకుంది. ఆఖరి క్షణంలో హాలిబర్టన్ బుట్టతో ఇండియానాయే ఒక్క పాయింటుతో గెలిచిందన్నది వేరే సంగతి. ఆ ఒక్క మ్యాచ్‌ను చూసి థండర్‌పై అంచనా మార్చుకున్నవారు రెండు వారాల్లో నాలుక కరుచుకున్నారు.

ఇక జట్టు నాయకుడి వయసు చూడాలి. జట్టు సగటు వయసు కంటే ఇది ఎన్నో రెట్లు ముఖ్యమని నేను నమ్ముతాను. తాను ముందుండి నడిపించిన తొలి టైటిల్ నాటికి మైకేల్ జోర్డాన్‌కు 28, లెబ్రాన్ జేమ్స్‌కు 27, స్టీఫెన్ కర్రీకి 27, యానిస్ ఆంటెటొకౌన్‌పోకు 26, నికోలా యోకిచ్‌కు 28, జేసన్ టేటమ్‌కు 26. థండర్ నాయకుడు షే గిల్జస్ అలెగ్జాండర్‌కు కూడా 2025 జూన్ నాటికి 26 ఏళ్లే. ఈ వయసులకు ముందే గెలిచినవారు లేకపోలేదు. 1980లో 20 ఏళ్ల మ్యాజిక్ జాన్సన్, 1999లో 23 ఏళ్ల టిమ్ డంకన్, 2006లో 24 ఏళ్ల డ్వేన్ వేడ్ గెలిచారు. అయితే వారి పక్కన వరుసగా కరీం అబ్దుల్ జబ్బార్, డేవిడ్ రాబిన్‌సన్, షకీల్ ఓ'నీల్ ఉన్నారు. నాయకుడికి పాతికేళ్లు నిండకపోతే పక్కన ఒక పెద్ద దిక్కు ఉన్నాడా అని వెతకండి. లేకపోతే ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తున్నా అంచనాను రెండు మూడేళ్లు వెనక్కి జరపండి. నేను మెంఫిస్‌ను నెత్తికెత్తుకున్న సీజన్‌లో ఆ జట్టు నాయకుడు జా మొరాంట్‌కు 22 ఏళ్లు, పక్కన అలాంటి పెద్ద దిక్కెవరూ లేరు. వారి సగటు తేడా 5కు పైగా ఉండబట్టి మొదటి పరీక్షలో నెగ్గారు. ఈ వయసు పరీక్షను నేను పెట్టనే లేదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునేది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, చివరి క్వార్టర్లో ఆ జట్టును ఎదుటివారు ఎలా ఆడుతున్నారో చూడటం. రెగ్యులర్ సీజన్లో రెండు రోజులకో ప్రత్యర్థి వస్తాడు కనుక ఎవరి లోపాలనూ లోతుగా తవ్వే తీరిక ఉండదు. ప్లేఆఫ్స్‌లో ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల వరకు ఆడాలి కాబట్టి, ఉన్న ఒక్క లోపాన్నీ రోజూ అదే చోట పొడుస్తారు. దాన్ని ముందే పసిగట్టాలంటే బంతిని చూడటం మానేసి, ఆ అయిదుగురిలో బయటి నుంచి షాట్ సరిగా వేయలేనివాణ్ణి ఎంచుకుని, అతణ్ణి కాపలా కాయవలసిన డిఫెండర్ ఎక్కడ నిలబడుతున్నాడో చూడండి.

2024లో పశ్చిమ విభాగంలో మొదటి స్థానం సాధించిన థండర్, రెండో రౌండులో డల్లాస్ చేతిలో 4-2తో ఓడిపోయింది. (డల్లాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో కనుక, ఆ సిరీస్‌ను నాకంటే బాగా చెప్పగలవారు మన బంధువుల్లోనే దొరుకుతారు.) ఆ సిరీస్‌లో థండర్ ఆటగాడు జోష్ గిడ్డీ బయట ఒంటరిగా నిలబడి చేతులు చాపుతుంటే, అతని డిఫెండర్ నాలుగైదు అడుగులు లోపలికి జరిగి, బుట్ట ముందు గోడ కట్టినట్లు నిలిచేవాడు. షే తన మనిషిని దాటుకుని లోపలికి దూసుకొస్తే అక్కడ మరో దేహం అడ్డు. బంతిని గిడ్డీకి అందిస్తే డల్లాస్‌కు కావలసిందీ అదే. చివరికి కోచ్ మార్క్ డేగ్నాల్ట్ అయిదో మ్యాచ్‌కు గిడ్డీని మొదటి అయిదుగురిలోంచి తప్పించి బెంచి మీద కూర్చోబెట్టాడు. రీబౌండ్లలోనూ డల్లాస్ ముందు థండర్ కుర్రాళ్లు తేలిపోయారు. ఆరో మ్యాచ్‌లో 17 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని 117-116తో ఇంటిముఖం పట్టారు.

కుర్రాళ్ల జట్టుకు ఇలాంటి ఓటమి రావడం తప్పు కాదు; వచ్చిన తర్వాత యాజమాన్యం ఏం చేసిందన్నదే మీరు పుస్తకంలో రాసుకోవలసిన విషయం. ఆ జూన్‌లోనే జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టీ గిడ్డీని చికాగోకు ఇచ్చి అలెక్స్ కరూసోను తెచ్చుకున్నాడు. జూలైలో మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్లతో సెంటర్ ఐజయా హార్టెన్‌స్టైన్‌ను చేర్చుకున్నాడు. ఏ రెండు చోట్ల నీరు కారిందో సరిగ్గా ఆ రెండు చోట్లే మాటు వేశారు. దాని ఫలితం 2025లో డెన్వర్‌తో జరిగిన ఏడో మ్యాచ్‌లో కళ్లారా కనిపించింది. ఆరడుగుల పదకొండంగుళాల యోకిచ్ మీదికి ఆరడుగుల అయిదంగుళాల కరూసోను వదిలారు. అతను యోకిచ్‌కు బంతి అందకముందే ముందుకు వచ్చి చేతులు అడ్డుపెట్టి, నడుము మీద బరువు మోపి, ప్రతి పాస్‌నూ ఒక పోరాటంగా మార్చాడు. థండర్ 125-93తో గెలిచింది. అంతకుముందు వేసవి నాటి థండర్ బెంచిలో అలాంటి పనికి పంపగల మనిషే లేడు.

తర్వాత డబ్బు లెక్క. డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) తొలి రౌండులో వచ్చిన కుర్రాడి మొదటి కాంట్రాక్టు నాలుగేళ్లది. అతను స్టార్ అయినా ఆ గడువులో జీతం ముందే నిర్ణయమైన కొలబద్దనే అనుసరిస్తుంది. 2024-25లో జేలెన్ విలియమ్స్ ఆల్‌స్టార్‌గా ఎంపికై, ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో 40 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది అతని జీతం 50 లక్షల డాలర్ల లోపే. అలా మిగిలిన సొమ్ముతోనే హార్టెన్‌స్టైన్‌ను కొనగలిగారు. ఈ చవక కాలం ముగిశాక జీతాలు ఒక్కసారిగా పెరుగుతాయి. జట్టు జీతాల మొత్తం రెండో ఏప్రన్ అనే గీత దాటితే, 2024-25లో అది దాదాపు 18.9 కోట్ల డాలర్లు, ఆటగాళ్ల జీతాలు కలిపి ట్రేడ్ చేసే వీలు కూడా పోతుంది. కాబట్టి నాయకుడు 26-28 మధ్య ఉండే ఏళ్లూ, మిగతావారి చవక కాంట్రాక్టుల ఏళ్లూ ఒకదానిపై ఒకటి ఎన్ని సీజన్లు పడుతున్నాయో కాగితం మీద గీసి చూడండి. ఆ రెండూ ఒక్క ఏడాది కూడా కలవని జట్లు ఎన్నో ఉంటాయి. పాత థండర్ కథ ఇదే. 2012లో కెవిన్ డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌లకు 23, జేమ్స్ హార్డెన్‌కు 22 ఏళ్లున్నప్పుడు ఫైనల్స్‌కు చేరారు. కొత్త కాంట్రాక్టుపై ఒప్పందం కుదరక ఆ అక్టోబరులోనే హార్డెన్‌ను హ్యూస్టన్‌కు పంపేశారు. మిగిలిన ఇద్దరూ కలిసి మళ్లీ ఫైనల్స్ ముఖం చూడలేదు. 2016లో డ్యురాంట్ కూడా వెళ్లిపోయాడు.

చేతిలో ఉన్న డ్రాఫ్ట్ పిక్‌లను, అంటే ఎంచుకునే వంతులను, ఆటగాళ్లుగా లెక్కపెట్టకండి. 2019లో మార్చిన లాటరీ పద్ధతిలో అట్టడుగు మూడు జట్లలో ఒక్కోదానికి మొదటి పిక్ దక్కే అవకాశం 14 శాతమే. 2023, 2024లలో లీగ్‌లో అందరికంటే వెనకబడ్డ డెట్రాయిట్‌కు రెండుసార్లూ అయిదో పిక్కే వచ్చింది. గాయాల విషయానికొస్తే, అవి ఏ అంచనానైనా తలకిందులు చేస్తాయి. కనుక ప్రతి అంచనాకూ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకోవడం మినహా చేయగలిగింది లేదు. థండర్ గెలిచిన ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో హాలిబర్టన్ మొదటి క్వార్టర్లోనే మడమ దగ్గరి స్నాయువు తెగి బయటికి వెళ్లిపోయాడని మరవకూడదు.

సీజన్ మధ్యలో ఒక్క చూపులో సరిచూసుకోవాలంటే, ప్రముఖ కోచ్ ఫిల్ జాక్సన్ పేరుతో ప్రచారంలో ఉన్న కొలత చాలు: 20 ఓటములకు ముందే 40 విజయాలు రావాలి. 1995లో హ్యూస్టన్, 2004లో డెట్రాయిట్, 2006లో మయామి వంటి కొద్ది జట్లే ఇది దాటకుండా కప్పు కొట్టాయి. థండర్ 2024-25 రెగ్యులర్ సీజన్లో మొత్తం ఓడింది 14 మ్యాచ్‌లే కనుక ఆ 20 అనేది వారికి రానే లేదు.

ఈ పద్ధతి మొత్తాన్ని 2025 వేసవి నాటి డెట్రాయిట్‌కు వేసి చూశాను. 2023-24లో వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, 14 విజయాలతో ముగించిన జట్టు, మరుసటి ఏడాది 44 గెలిచింది. ఇంత పెద్ద మలుపు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. సగటు తేడా మాత్రం 2 చుట్టుపక్కలే, అంటే 46 విజయాల స్థాయి; ఉన్నది ఉన్నట్టే, దాచిన బలమేమీ లేదు. తొలి రౌండులో న్యూయార్క్ చేతిలో 4-2తో ఓడారు. మొదటి మ్యాచ్ నాలుగో క్వార్టర్లో ప్రత్యర్థి వరుసగా 21 పాయింట్లు చేస్తుంటే ఒక్క బుట్టా వేయలేకపోయారు. సొంత మైదానంలో ఆడిన మూడు మ్యాచ్‌లూ పోగొట్టుకున్నారు. ఆరో మ్యాచ్‌లో 4.3 సెకన్లు మిగిలి ఉండగా జేలెన్ బ్రన్సన్ త్రీ పాయింటర్‌తో కథ ముగిసింది. చివరి క్వార్టర్లలో జట్టు నాయకుడు కేడ్ కనింగ్‌హామ్ అలసిపోయినప్పుడు బంతి పట్టుకుని ఆట నడపగల రెండో మనిషి లేకపోవడమే నాకు కనిపించిన లోపం. కేడ్ కొత్త, పెద్ద కాంట్రాక్టు 2025-26లోనే మొదలవుతుంది కనుక ఆ రెండో మనిషిని మిగతా కుర్రాళ్ల జీతాలు చవకగా ఉండగానే తెచ్చుకోవాలనిపించింది. నా పుస్తకంలో ఆ పేజీ చివర ఇలా రాసుకున్నాను: రెండో రౌండు జట్టు, టైటిల్ జట్టు కాదు, కేడ్‌కు 26 నిండేది 2027 సెప్టెంబరులో.