ఉచిత న్యాయ సహాయానికి అర్జీ పెట్టడం ఎలా? ముందు తేదీల పట్టీ రాయండి

ఇంటికి కోర్టు సమన్లు వచ్చాయి, లాయరుకి ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. 1987లో చేసిన చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (సమన్లు, నోటీసులు పంపే ఖర్చు), సర్టిఫైడ్ కాపీల ఖర్చు సంస్థే భరిస్తుంది. అర్జీ పెట్టడం కష్టమేమీ కాదు. దానికి జతచేసే ఒక్క కాగితం దగ్గరే చాలామంది కేసు పాడుచేసుకుంటున్నారు. అసలు విషయం అదే కాబట్టి మిగతావి త్వరగా చెప్పేస్తాం.

ఎవరికి ఇస్తారు? ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, జైల్లో ఉన్నవాళ్లు, మనుషుల అక్రమ రవాణాకూ వెట్టిచాకిరీకీ బలైనవాళ్లు, వరద, కరువు, కుల దాడుల బాధితులు. వీళ్లకు ఆదాయంతో పనిలేదు. భర్తకు ఉద్యోగం ఉంది కదా అని ఆడమనిషిని వెనక్కి పంపడం తప్పు. మిగతావాళ్లకు రాష్ట్రాన్ని బట్టి ఆదాయ పరిమితి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 లక్షల రూపాయలు. ఆదాయం ఎంతో ప్రమాణపత్రం రాసిస్తే మామూలుగా అదే చాలు.

ఎక్కడికి వెళ్లాలి? మీ కేసున్న కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార సంఘం ఉంటుంది. జిల్లా కోర్టులో జిల్లా సంస్థ ఉంటుంది, దాని కార్యదర్శి కూడా జడ్జే. 15100కు ఫోన్ చేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. అయినా మనిషి వెళ్లాల్సిందే. ఫోన్‌లో చెప్పిన మాటల్లో తేదీలు జారిపోతాయి, కాగితాలు చూసి ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు.

నాలుగు తెల్ల కాగితాలు, నీలం పెన్ను, ఆధార్ జిరాక్సు, మీ దగ్గరున్న కేసు కాగితాలన్నింటి జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకెళ్లండి. అసలు కాగితాలు చూపించి మళ్లీ సంచిలో పెట్టుకోండి. లాయరు అడిగిన రోజున సంతకం పెట్టించుకుని ఇద్దురుగాని.

ఇక తేదీల పట్టీ. కాగితానికి ఒక పక్కనే, చేత్తో రాయాలి. ఎడమవైపు తేదీ, దాని ఎదురుగా ఆ రోజు ఏం జరిగిందో ఒక్క వాక్యం. ఒక్క పేజీ దాటకూడదు. కోర్టు గేటు ముందు డీటీపీ సెంటర్లో టైపు చేయించొద్దు. అక్కడ ‘బీదవాడను, దిక్కులేనివాడను, తమరే కాపాడాలి’ అన్న నమూనా ఒకటి తయారుగా ఉంటుంది. పేరు మార్చి అందరికీ అదే ఇస్తారు. అర పేజీ ప్రాధేయపడటానికే సరిపోతుంది, సమన్లు ఏ రోజు అందాయో అందులో ఉండదు. మీరు మంచివారనో అవతలివాళ్లు దుర్మార్గులనో ఈ పట్టీలో రాయొద్దు. మీ కేసులో పస ఉందా లేదా అని సంస్థ చూస్తుంది. పస తేదీల్లో కనపడుతుంది.

ఊళ్లలో ఎక్కువగా వచ్చే ప్రోనోటు దావా తీసుకుందాం. ప్రతివాది ఒక కూలీ మనిషి అనుకోండి. ఆమె పట్టీ ఇలా ఉండాలి.

2022 మార్చి 14: ప్రోనోటు రాసిచ్చాను. చేతికి 50,000 ఇచ్చారు. నోటు మీద 1,00,000 ఉంది.
2022 జూన్ 3: 20,000 తిరిగి ఇచ్చాను. రసీదు లేదు. చూసినవాళ్లు ఇద్దరు.
2025 ఫిబ్రవరి 20: నోటు వెనక 500 చెల్లు రాసి, నా వేలిముద్ర ఉందంటున్నారు. ఆ రోజు నేను డబ్బు కట్టలేదు, వేలిముద్ర వేయలేదు.
2025 సెప్టెంబరు 10: దావా వేశారు.
2026 జనవరి 9: సమన్లు అందాయి. వాయిదా ఫిబ్రవరి 3.

ఈ అయిదు వరసలు చూడగానే లాయరు మూడోదాని దగ్గర ఆగుతాడు. అడిగినప్పుడు తీర్చాల్సిన ప్రోనోటు మీద దావాకు నోటు రాసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. అంటే 2025 మార్చి 14తో సరి. గడువు లోపల కొంత కట్టి, కట్టిన మనిషి దస్తూరీతోనో సంతకంతోనో చెల్లు రాస్తే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క. సెప్టెంబరులో వేసిన దావా బతకాలంటే ఆ చెల్లు నిజమైనదై ఉండాలి. ఆ వేలిముద్రను నిపుణుడికి పంపమని కోర్టును అడగాలా వద్దా అనేది లాయరు తేల్చాల్సిన విషయం. ఆ వరస పట్టీలో లేకపోతే వాదన అప్పు తీసుకున్నావా లేదా అన్నచోటే ఆగిపోతుంది.

సమన్లు అందిన తేదీ అన్నింటికన్నా ముఖ్యం, అందరూ మరిచిపోయేదీ అదే. జవాబు దావా వేయడానికి ఆ రోజు నుంచే 30 రోజులు లెక్క. కోర్టు ఒప్పుకుంటే మొత్తం 90 రోజుల దాకా ఇస్తుంది. పైన చెప్పిన కేసులో 30 రోజులు ఫిబ్రవరి 8తో అయిపోతాయి. సమన్లు తెచ్చిన బంట్రోతు వెళ్లగానే ఆ కాగితం మీద పెన్సిల్‌తో తేదీ రాసుకోండి. కాగితం ఇంట్లో ఇంకెవరైనా తీసుకుంటే ఎవరు తీసుకున్నారో కూడా రాయండి. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు హాజరు కాలేదని అవతలివాళ్ల మాటే విని ఇచ్చిన తీర్పు, ఇప్పటికే వచ్చేసి ఉంటే, దాన్ని రద్దుచేయమని అడగడానికి డిక్రీ రోజు నుంచి 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. కాబట్టి ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు అన్నది పట్టీలో ఒక వరస కావాలి.

తేదీ గుర్తులేకపోతే ఊహించి రాయకండి. ‘2022 సంక్రాంతి తర్వాత, వరి కోతలయ్యాక’ అని రాస్తే చాలు, అది నిజం. ఊహించిన తేదీ జవాబు దావాలోకి ఎక్కితే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (మిమ్మల్ని బోనులో ప్రశ్నించేటప్పుడు) అవతలి లాయరు బ్యాంకు పాసుబుక్కు చూపించి దాన్ని పడగొడతాడు. ఆ తర్వాత మీరు చెప్పిన నిజాలు కూడా నిలబడవు.

మీకు నష్టం చేసే కాగితాన్ని దాచడం ఇంకా పెద్ద తప్పు. ఖాళీ నోటు మీద సంతకం పెట్టారా? పెద్దమనుషుల దగ్గర అప్పు ఒప్పుకుని రాసిచ్చారా? వాట్సాప్‌లో ‘వచ్చే నెల కడతాను’ అన్నారా? అన్నీ పట్టీలో ఉండాలి. అవతలివాళ్ల దగ్గర ఆ కాగితం ఉండనే ఉంది. మీ లాయరు దాన్ని మొదటిసారి కోర్టు హాల్లో చూడకూడదు.

ప్రజావాణిలో, కలెక్టరు గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీలు కూడా తేదీలతో రాయండి. అయితే కలెక్టరుకు అర్జీ ఇచ్చినంత మాత్రాన కోర్టు గడువు ఆగదు. సోమవారం సోమవారం ఆఫీసుల చుట్టూ తిరిగి రసీదులు పోగేసుకునే లోపు దావా వేసే కాలం దాటిపోతుంది. రోడ్డు ప్రమాద పరిహారానికి 2022 ఏప్రిల్ నుంచి 6 నెలల గడువు చట్టంలోకి వచ్చింది కాబట్టి ఇలాంటి కేసులవాళ్లు ముందు న్యాయ సేవా సంస్థకే రావాలి. ఆఫీసుల చుట్టూ తర్వాత తిరగొచ్చు.

పట్టీ తయారైతే అర్జీ పది నిమిషాల పని. ఫారం ఆఫీసులోనే ఇస్తారు, తెలుగులో నింపొచ్చు. చదువు రాకపోతే నోటితో చెప్పండి, పారా లీగల్ వాలంటీరు (సంస్థ తరఫున సాయం చేసే మనిషి) రాసుకుంటారు. కేసు నంబరు, పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటే రాయించండి. అర్జీ పైన పెద్ద అక్షరాలతో ‘వాయిదా ఫలానా తేదీ’ అని ఉండాలి. నిర్ణయానికి 7 రోజుల దాకా పట్టొచ్చు, వాయిదా అంతకన్నా ముందుంటే ఆ సంగతి కార్యదర్శికి నోటితో కూడా చెప్పండి. మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి, సంస్థ చైర్మన్‌కు అప్పీలు చేసుకోండి.

లాయరును కేటాయించాక వకాల్తా మీద సంతకం పెట్టే రోజే పట్టీని పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఆయనకు మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు, ఆయన అడగకూడదు కూడా. అడిగితే కార్యదర్శికి కాగితం మీద ఫిర్యాదు రాసివ్వండి.

లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటే వెళ్లండి, మంచిదే. కానీ అక్కడిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సంతకానికి ముందు మొత్తం ఎంత, ఎన్ని కిస్తీలు, ఏయే తేదీల్లో, వడ్డీ ఉందా లేదా అన్నది తెలుగులో చదివించుకుని వినండి. కూలి డబ్బులు ఏ నెలలో చేతికొస్తాయో చూసుకుని కిస్తీ తేదీలు పెట్టించండి. ప్రతి కిస్తీ బ్యాంకు ఖాతా ద్వారానే కట్టండి. చేతికిస్తే మళ్లీ రసీదు లేని 2022 జూన్ 3 లాంటి వరసే మిగులుతుంది.