ఫొటో చిన్నది చేశాక వచ్చే చిక్కులు

6000 × 4000 పిక్సెళ్ల ఫొటో అంటే 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ తెర మీద పట్టేవి 1920 × 1080, అంటే 20 లక్షల పైచిలుకు. కాబట్టి ఎక్కడికి పంపాలన్నా తగ్గించక తప్పదు. తగ్గించడం నిమిషం పని, తగ్గించాక చూస్తేనే ఏదో ఒకటి తేడా కొడుతుంది.

డీపీఐ 300 నుంచి 72 చేశాను, ఫైలు మాత్రం అంతే ఉంది

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. డీపీఐ అనేది ప్రింటర్‌కు చెప్పే మాట. అంగుళం కాగితం మీద ఎన్ని చుక్కలు పరచాలో అది చెబుతుంది, ఫొటోలో ఉన్న చుక్కల జోలికి పోదు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో 300 దగ్గర 20 అంగుళాలు, 72 దగ్గర 83 అంగుళాల పైన అచ్చవుతుంది. తెర మీద మాత్రం రెండూ ఒకటే. వెబ్‌కి 72 డీపీఐ ఉండాలని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, పట్టించుకోకండి.

ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిస్తే రీశాంపిల్ అని ఒక టిక్ ఉంటుంది. అది తీసేసి ఉంటే ఏ అంకె మార్చినా పిక్సెళ్లు కదలవు. టిక్ పెట్టి, కొలతను అంగుళాల నుంచి పిక్సెళ్లకు మార్చి, అప్పుడు వెడల్పు ఇవ్వండి. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాడాల్సింది స్కేల్ ఇమేజ్. అదే మెనూలోని ప్రింట్ సైజ్ డీపీఐని మాత్రమే మారుస్తుంది, క్యాన్వాస్ సైజ్ అయితే అంచులు కోసేస్తుంది. ఇంకో సంగతి: సగం చేద్దామని 50 శాతం ఇస్తే వెడల్పూ ఎత్తూ రెండూ సగమై, పిక్సెళ్లు పావు వంతే మిగులుతాయి.

పిక్సెళ్లు తగ్గాయి, కేబీలు తగ్గలేదు

ఫైలు రకం పీఎన్‌జీగా సేవ్ చేశారేమో చూడండి. పీఎన్‌జీ ఒక్క చుక్కనూ వదులుకోదు, అందుకే కెమెరా ఫొటోలకు బరువెక్కువ. జేపెగ్‌గా మార్చి క్వాలిటీ 80-85 దగ్గర పెట్టండి. 200 కేబీల్లోపు కావాలని అడిగారు, ఇంకా అంతకు దిగడం లేదంటే, నేనైతే క్వాలిటీని 40కి లాగే ముందు వెడల్పు మరికొంత తగ్గిస్తాను. జేపెగ్ బొమ్మను 8 × 8 గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది, క్వాలిటీ మరీ దించితే ఆ గళ్లు ఆకాశంలోనూ బుగ్గల మీదా బయటపడతాయి. ఆకులు, గడ్డి నిండిన ఫొటో అదే కొలతలో ఉన్న ఆకాశం ఫొటో కన్నా బరువుంటుంది. అది లోపం కాదు.

మసకబారింది, లేదా గీతలు రంపపు పళ్లలా ఉన్నాయి

రెండింటికీ కారణాలు వేరు. 6000ని 1500కి దించితే 16 చుక్కలు కలిసి ఒకటవుతాయి. ఆ కలపడంలో కనురెప్పల వెంట్రుకల్లాంటి సన్న వివరాలు మెత్తబడతాయి. అందుకే షార్పెన్ (అంచులకు పదును పెట్టడం) చేయాల్సింది తగ్గించాక, చివరి కొలతలో. రేడియస్, అంటే పదును అంచు చుట్టూ ఎంత దూరం పాకాలో చెప్పే అంకె, 0.3 నుంచి 0.5 పిక్సెల్ చాలు. ఫొటోషాప్‌లో రీశాంపిల్ పక్కనున్న జాబితాలో బైక్యూబిక్ షార్పర్ ఎంచుకుంటే ఆ పని కొంత అదే చేస్తుంది, దాని మీద మళ్లీ షార్పెన్ కొడితే అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది. రంపపు పళ్లు వచ్చాయంటే చుక్కల్ని కలపకుండా మధ్యలోవి వదిలేశారన్నమాట. ఇంటర్‌పొలేషన్ (చుక్కల్ని కలిపే పద్ధతి) నన్ అనో నియరెస్ట్ నైబర్ అనో ఉంటే క్యూబిక్‌కు మార్చండి.

చారల చొక్కా మీద లేని అలలు కనిపిస్తే కంగారు పడేముందు ఫొటోను 100 శాతం జూమ్‌లో చూడండి. 33 శాతంలో కనిపించే అలలు చాలాసార్లు తెర సృష్టే, ఫైల్లో ఉండవు. నిజంగానే ఉంటే అసలు ఫొటోకు ఆ చొక్కా మేరకు కాస్త బ్లర్ ఇచ్చి, మళ్లీ తగ్గించండి.

మొహం సాగింది, ఫొటో పక్కకు తిరిగింది, రంగు వెలిసింది

సాగితే వెడల్పు-ఎత్తుల మధ్య గొలుసు గుర్తు తెగి ఉంటుంది. కచ్చితమైన కొలత అడిగినప్పుడు ముందు ఆ నిష్పత్తిలో క్రాప్ చేసి, తర్వాత తగ్గించాలి.

నిలువుగా తీసిన ఫొటోను చాలా కెమెరాలు అడ్డంగానే దాచి, "తిప్పి చూపించు" అని ఎగ్జిఫ్‌లో, అంటే ఫైల్లోనే ఉండే వివరాల చీటీలో, రాసిపెడతాయి. తగ్గించే సాఫ్ట్‌వేర్ ఆ చీటీ పారేస్తే ఫొటో పడుకుంటుంది. ఆటో రొటేట్ ఆన్ చేసి మళ్లీ చేయండి.

రంగు వెలిస్తే అసలు ఫొటో అడోబీ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల పద్ధతిలో ఉండి, ఏ పద్ధతో చెప్పే గుర్తు, అంటే ప్రొఫైల్, ఊడిపోయి ఉండొచ్చు. సేవ్ చేసే ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయండి. అసైన్ వేరు, అది రంగుల అంకెల్ని మార్చకుండా గుర్తు మాత్రమే మారుస్తుంది, అది చేస్తే రంగులు ఇంకా పాడవుతాయి.

అసలు ఫొటో మీదే సేవ్ అయిపోయింది

ఫైలు ఇంకా తెరిచే ఉంటే కంట్రోల్ జెడ్ కొట్టి అసలు కొలతకు వెనక్కి వెళ్లి, వేరే పేరుతో సేవ్ చేసుకోండి. మూసేశాక ఆ దారి ఉండదు. తిరిగి 6000కి పెంచినా పిక్సెళ్లు వస్తాయి గానీ వివరం రాదు. వందల ఫొటోలు ఒకేసారి చేసేటప్పుడు ఫలితాలకు వేరే ఫోల్డర్ ఇవ్వండి. ఆదేశాలు టైప్ చేసి ఫొటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌లోని మాగ్రిఫై (mogrify) ఆదేశమైతే చెప్పకపోతే అసలు వాటి మీదే రాసేస్తుంది, అడగను కూడా అడగదు. నేను ఒకసారి పొద్దున్నుంచి తీసినవన్నీ అలాగే 800 పిక్సెళ్లకు కుదించేసుకున్నాను. కెమెరా కార్డు ఫార్మాట్ చేయకపోతే అసలువి అందులో ఉంటాయి. చేసినా, ఆ మీదట కొత్త ఫొటోలు తీయకపోతే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరికే అవకాశం ఉంది. నేను ఫార్మాట్ చేయడమే కాదు, మర్నాడు కార్డు నిండా తీసేశాను కూడా.