చెస్‌లో ఎదుటివాడి ఎత్తు కనబడటం లేదా?

చెన్నైలో శని, ఆదివారాల్లో ఏదో ఒక హాల్లో పిల్లల చెస్ టోర్నమెంట్ జరుగుతూనే ఉంటుంది. బయట మెట్ల మీద కూర్చున్న మన తెలుగు అమ్మానాన్నల నోట ఒకటే మాట: "బాగానే ఆడుతున్నాడండీ, ఉన్నట్టుండి మంత్రిని ఇచ్చేశాడు." ఉన్నట్టుండి ఏమీ పోదు. పోవడానికి ఒక ఎత్తు ముందే కారణం బోర్డు మీద ఉంటుంది.

సమస్య: నాలుగు ఎత్తుల్లోనే మేట్

గడి పేరంటే నిలువు వరస అక్షరం (ఏ నుంచి హెచ్), అడ్డ వరస అంకె (1 నుంచి 8). తెల్ల పావులవాడి బంటు 'ఈ4'కి, నల్ల పావులు ఆడే మనవాడి బంటు 'ఈ5'కి. అటు బిషప్ సీ4కి, ఇటు గుర్రం సీ6కి. మూడో ఎత్తుకే తెల్ల మంత్రి హెచ్5కి వచ్చేస్తుంది. మంత్రి దొరికిందని మనవాడు సంబరంగా గుర్రాన్ని ఎఫ్6లో పెడతాడు. ఆ మంత్రి ఎఫ్7 బంటును తినేస్తుంది, మేట్. అంటే రాజు తప్పించుకోలేడు, ఆట అయిపోయింది.

కారణం: మంత్రిని చూశాడు, మంత్రి ఎటు చూస్తోందో చూడలేదు. ఎఫ్7 బంటుకు రాజు తప్ప వేరే కాపు లేదు. దాని మీద బిషప్, మంత్రి రెండూ గురిపెట్టాయి.

పరిష్కారం: ముందు బంటును జీ6కి. మంత్రి ఎఫ్3కి జరిగి మళ్లీ ఎఫ్7నే బెదిరిస్తే, అప్పుడు గుర్రం ఎఫ్6కి. అదే గుర్రం, అదే గడి, ఒక్క ఎత్తు తేడా.

సమస్య: దూరం నుంచి వచ్చే దెబ్బ కనబడదు

కారణం: కదిలిన పావునే చూస్తాం, అది లేచిన చోటును చూడం.

పరిష్కారం: ఎదుటివాడు ఆడగానే మూడు ప్రశ్నలు. ఈ పావు ఇప్పుడు దేన్ని కొడుతోంది? అది లేవడంతో ఏ దారి తెరుచుకుంది? ఇంతవరకూ కాస్తున్నదాన్ని వదిలేసిందా? రెండోది అడగనివాళ్లే ఎక్కువ.

బెదిరింపు దొరికాక దారులు ఐదు: కొట్టేదాన్ని తినడం, మనది తప్పించడం, మధ్యలో అడ్డం పెట్టడం, కాపు పెట్టడం, ఎదురుదాడి. గుర్రానికి అడ్డం పెట్టి లాభం లేదు, దూకేస్తుంది. మంత్రి మీదికి ఏనుగు వస్తే కాపు దండగ, ఏనుగు కన్నా మంత్రి విలువెక్కువ. పిల్లలకు ఎదురుదాడంటే మహా ఇష్టం. ఎదుటివాడు చెక్ ఇస్తూ తిన్నాడంటే అది గాలికి పోతుంది.

సమస్య: ఏమీ పోలేదు, అయినా ఓడిపోయాం

కారణం: బెదిరింపంటే తినడం, చెక్ ఇవ్వడమే అనుకుంటాం. మార్పిడి (ఒకరి పావు ఒకరు తినడం) కూడా బెదిరింపే. 2024 డిసెంబరు 12, సింగపూర్, ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్. మన చెన్నై తెలుగింటి కుర్రాడు గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా ఆట డ్రా వైపే పోతోంది. 55వ ఎత్తుకు ప్రత్యర్థి, అప్పటి ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. అతని బిషప్ ఏ8 మూలన ఉంది. గుకేశ్ ఏనుగులు మార్చేసి తన బిషప్‌ను డీ5కి తెచ్చాడు. మూలనున్న బిషప్ ఎటు జరిగినా అదే ఏటవాలు వరస, తప్పించుకునే చోటు లేదు. బిషప్‌లు కూడా మారిపోయాయి. మిగిలింది రాజులు, బంట్లే. అక్కడ ఆ ఒక్క బంటే గెలిపించింది.

పరిష్కారం: మార్పిడికి ముందు, మిగతా పావులు కూడా మారిపోతే రాజు-బంట్ల ఆట ఎవరిదో చూసుకోవాలి. ఇది పిల్లలకు విసుగు. అయినా చేయించాలి.

సమస్య: కనబడింది, కానీ చెయ్యి ముందు పోయింది

ముట్టుకుంటే ఆడాల్సిందే. చేతులు తొడల కింద పెట్టుకోమనండి. ఎత్తు ముందు రాసుకుని ఆడటం పాత చిట్కా. ఇప్పుడు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నిబంధనలు ఒప్పుకోవు, ఆడాకే రాయాలి.

సమస్య: అన్నిట్లోనూ బెదిరింపే కనబడుతోంది

రెండుసార్లు మంత్రి పోయినవాళ్లకు ఈ టెన్షన్ పట్టుకుంటుంది. నా వంతు వదిలేస్తే వాడు నిజంగా ఏం చేయగలడు అని అడగాలి. గట్టి జవాబు రాకపోతే మన పని మనం చూసుకోవచ్చు. ఎదుటి బిషప్ జీ4కి వచ్చి, కదిలితే వెనక మంత్రి పోయేలా మన గుర్రాన్ని కట్టేస్తుందేమోనని ప్రతి ఆటలోనూ బంటును హెచ్3కి జరిపేవాళ్లున్నారు. మన బిషప్‌ను ఈ2లో పెడితే ఆ కట్టు ఊడిపోతుంది, క్యాజిలింగ్‌కు (ఒకే ఎత్తులో రాజును, ఏనుగును జరిపి రాజును భద్రం చేయడానికి) దారీ అవుతుంది.