ఇంగ్లండ్‌లో భాగస్వామి కొనే ఇంటికి డబ్బు పంపేముందు: దరఖాస్తు విధానం

కొబ్బరితోటో చేపల చెరువో అమ్మి, ఇంగ్లండ్‌లో ఉన్న భర్తకో భార్యకో, పెళ్లి కుదిరిన వారికో ఇంటి కోసం డబ్బు పంపే కుటుంబాలు అమలాపురం, భీమవరం వైపు ఉన్నాయి. బ్యాంకు మెట్లెక్కే ముందే ఒకటి తేల్చుకోండి: మీరిచ్చేది కానుకా, ఇంట్లో వాటాకు కట్టే సొమ్మా? గృహరుణం ఇచ్చే అక్కడి బ్యాంకు, డబ్బు వేరేవారి నుంచి వస్తోందని తెలిస్తే, 'ఇది కానుక, తిరిగి అడగను, ఇంటిమీద నాకు హక్కు లేదు' అనే లేఖ మీద సంతకం కోరుతుంది. మొహమాటానికి ఆ సంతకం పెట్టాక వాటా అడిగితే నిలవడం చాలా కష్టం. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవారు మరీ జాగ్రత్తపడాలి. ఎన్నేళ్లు కలిసున్నా అక్కడి చట్టం వారికి భార్యాభర్తల ఆస్తిహక్కు ఇవ్వదు.

వాటాయే అనుకుంటే ముందు సొలిసిటర్ (అక్కడి న్యాయవాది) దగ్గర 'డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్' అనే వాటాల పత్రం రాయించాలి. మీ భాగస్వామి పెట్టుకున్న సొలిసిటర్ కాదు, మీకు విడిగా ఒకరు ఉండాలి. ఎవరు ఎంత పెట్టారు, వాయిదాలు ఎవరు కడతారు, అమ్మితే ఎవరికెంత, ఒకరు విడిపోతే రెండోవారి వాటా ఎలా కొనాలి అన్నవన్నీ అందులో ఉండాలి. రుణమిచ్చే బ్యాంకుకు కూడా ఈ సంగతి ముందే చెప్పాలి. దాచిపెడితే కొనుగోలు మధ్యలో ఆగిపోవచ్చు.

తర్వాత మన బ్యాంకు. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. పాన్‌తో విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు, ఫారం ఏ2 ఇవ్వాలి. అందులో పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే సంకేతం) దగ్గర ఆగండి. విదేశీ స్థిరాస్తికి ఎస్0005, కానుకకు ఎస్1302. కౌంటర్‌లో తొందరలో కానుక కోడ్ వేస్తే, రేపు మీ వాటా కాదనడానికి మీ కాగితమే సాక్ష్యమవుతుంది. ఖాతా ఏడాది పాతదై ఉండాలి. కొత్తదైతే పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్ అడుగుతారు. ఇలాంటి పెట్టుబడికి బ్యాంకు అప్పు ఇవ్వకూడదు కాబట్టి బంగారం తాకట్టు పెట్టి పంపుదామనుకోవద్దు. ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగంపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. 40 లక్షలు పంపితే 6 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది.

మనవైపు ఎక్కువగా చిక్కు వచ్చేది డబ్బు మూలం దగ్గర. పొలం దస్తావేజులో ఒక ధర, చేతికొచ్చింది ఇంకో ధర అయితే, నగదుగా వచ్చిన తేడాకు ఆధారం చూపలేరు. ఇంగ్లండ్ సొలిసిటర్ దస్తావేజు, దాని ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ సరిచూస్తారు. డబ్బు వేయాల్సింది సొలిసిటర్ తన కక్షిదారుల డబ్బు విడిగా ఉంచే క్లయింట్ ఖాతాలోనే, భాగస్వామి సొంత ఖాతాలో కాదు. చివరిరోజుల్లో 'ఖాతా నంబరు మారింది' అని ఈమెయిల్ వస్తే, ముందునుంచీ మీకు తెలిసిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే పంపండి. మోసగాళ్లు సరిగ్గా ఆ సమయానికే కాచుకుని ఉంటారు. బేరం కుదరక ఆ డబ్బు వాడకుండా మిగిలితే 180 రోజుల్లో ఇండియాకు తిప్పి తేవాలి.

చివరిది హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ, అంటే ఆస్తుల యాజమాన్యం నమోదు చేసే అక్కడి ప్రభుత్వ కార్యాలయం. బదిలీ పత్రం టీఆర్1లో 10వ గడి చూడండి. 'జాయింట్ టెనెంట్స్' అని టిక్ పెడితే ఒకరు పోయాక మొత్తం రెండోవారిదే, మీ పిల్లలకో తల్లిదండ్రులకో రాదు. 'టెనెంట్స్ ఇన్ కామన్' అంటే వాటా మీదిగా ఉంటుంది. రిజిస్టర్‌లో 'ఫారం ఏ' రిస్ట్రిక్షన్ (అమ్మకంపై ఆంక్ష) పడకపోతే ఆర్‌ఎక్స్1 ఫారంతో దరఖాస్తు చేయండి. అది ఉంటే యజమానిగా మిగిలిన ఒక్కరే ఇల్లు అమ్మి డబ్బు తీసుకోవడం కుదరదు. పెళ్లయినా ఇంటి యజమానిగా పేరు లేనివారికి హెచ్‌ఆర్1 ఫారం ఉంది, రుసుము లేదు. అయితే అది ఇంట్లో ఉండే హక్కే తప్ప డబ్బులో వాటా ఇవ్వదు. నమోదు పూర్తయ్యాక టైటిల్ రిజిస్టర్ కాపీ తెప్పించి, యజమానుల భాగంలో మీ పేరు, రిస్ట్రిక్షన్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ ఏడాది నుంచే ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. వదిలేస్తే 10 లక్షల జరిమానా పడవచ్చు.