చెట్లను గుర్తుపట్టడం - 4వ పాఠం: సికమోరా, లండన్ ప్లేనా?

పోయిన పాఠం తర్వాత మీరు సికమోర్ (అమెరికాలో వాగుల వెంట పెరిగే పెద్ద చెట్టు) అని పంపిన ఫొటోలన్నీ చూశాను. వాటిలో చాలావరకు సికమోర్లు కావు. న్యూయార్క్, న్యూజెర్సీ వీధుల్లో నాటిన లండన్ ప్లేన్ చెట్లు. కాబట్టి ఈ వారం రావలసిన ఓక్ పాఠం వాయిదా వేస్తున్నాను. ముందు ఈ చిక్కు తీరాలి.

లండన్ ప్లేన్ అమెరికన్ సికమోర్‌కూ, దాని బంధువైన ఓరియంటల్ ప్లేన్ అనే చెట్టుకూ పుట్టిన సంకరజాతి. అందుకే రెండింటికీ బెరడు పెచ్చులుగా ఊడుతుంది.

నాకైతే పైకొమ్మల రంగు చాలు. సికమోర్ కొమ్మలు చలికాలంలో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. లండన్ ప్లేన్‌లో పచ్చ, పసుపు కలిసిన మచ్చలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు మాత్రం కాడలకు వేలాడే గుండ్రటి కాయలే చూడండి. సికమోర్‌లో సాధారణంగా కాడకు ఒక్క కాయే ఉంటుంది.

ఇక్కడే చాలామంది తప్పుతున్నారు. చెట్టు కింద పడ్డ ఒక కాయ ఫొటో తీసి, "ఒంటికాయ, కాబట్టి సికమోర్" అని రాశారు. రాలిన కాయతో ఏదీ తేలదు. లండన్ ప్లేన్‌లో ఒకే కాడకు సాధారణంగా రెండు కాయలు, ఒక్కోసారి మూడు ఉంటాయి. రాలేటప్పుడు విడిపోతాయి. లెక్క కొమ్మ మీదే చూడాలి. అక్కడ కూడా ఒక్క కాడ చూసి ఆగొద్దు. సికమోర్‌కు అరుదుగా జంటకాయ కాస్తుంది, లండన్ ప్లేన్‌కు అప్పుడప్పుడు ఒంటికాయా కాస్తుంది. చాలా కాడలు చూసి, ఎక్కువ వాటికి ఎన్ని ఉన్నాయో దాన్నే నమ్మండి. కాలిఫోర్నియా, అరిజోనాలో ఉన్నవాళ్లు ఈ లెక్క అసలు వాడొద్దు. అక్కడి స్థానిక సికమోర్లకు కాడకు చాలా కాయలుంటాయి.

చెట్టు ఉన్న చోటు కూడా చూడండి. సికమోర్ గింజలు నూగుతో గాలికి ఎగిరి, నీటి మీద తేలి, ఎండ పడే తడి ఒండ్రులో మొలుస్తాయి. అందుకే వాగుల వెంట ఉంటుంది. అక్కడ అది ఎంతగా పెరుగుతుందంటే, 1770లో ఓహియో, కనావా నదుల ప్రాంతంలో జార్జ్ వాషింగ్టన్ కొలిచిన చెట్టు చుట్టుకొలత దాదాపు 45 అడుగులు. ముసలి మానులు లోపల బోలుపడతాయి. ఇళ్లకు ఇటుక పొగగొట్టాలు రాకముందు చిమ్నీ స్విఫ్ట్ పిట్టలు అలాంటి తొర్రల్లోనే గూళ్లు కట్టేవి.

చల్లటి, వానల వసంతంలో సికమోర్ లేతాకులు మాడి రాలితే టెన్షన్ పడకండి. అది ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర (ఫంగస్) తెగులు. చెట్టు మళ్లీ చిగురిస్తుంది. లండన్ ప్లేన్ ఈ తెగులును సికమోర్ కన్నా బాగా తట్టుకుంటుంది. ఊళ్లలో దాన్నే ఎక్కువగా నాటడానికి అదొక కారణం.

అభ్యాసం: ఆకులు రాలాక బైనాక్యులర్స్ తీసుకుని ఒక వాగు వెంట పది చెట్లు, ఒక వీధిలో పది చెట్లు చూడండి. ఒక్కో చెట్టుకు ముప్పై కాడలు లెక్కపెట్టి పట్టిక రాయండి. ఈసారి ఫొటోలు వద్దు, పట్టికలే పంపండి.