గ్రామపంచాయతీ కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి మహావితరణ్‌కు దరఖాస్తు విధానం

సిరొంచ, అంకీసా, ఆసరల్లి వైపు గానీ, నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, ధర్మాబాద్ వైపు గానీ పంచాయతీకి మహావితరణ్ (మహారాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ) నుంచి వచ్చే బిల్లు మరాఠీలో ఉంటుంది. అందులో ‘వీజ్ ఆకార్’ అంటే కాల్చిన యూనిట్లకు పడేది. ‘స్థిర్ ఆకార్’ అంటే డిమాండును, అంటే ఒకేసారి ఎంత కరెంటు లాగుతున్నారన్నదాన్ని బట్టి పడేది. ట్యూబులైట్లు తీసి ఎల్‌ఈడీలు పెడితే మొదటిది దానంతటదే దిగుతుంది. రెండోది కొంత దిగి ఆగిపోతుంది. ఆ మిగతాది దరఖాస్తు పెడితేనే దిగుతుంది. చాలా పంచాయతీలు దీపాలు మార్చి, దరఖాస్తు మాట మరిచిపోతాయి.

లెక్క ఇలా ఉంటుంది. డిమాండు మీటరున్న ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్‌కు నెలలో రికార్డయిన గరిష్ఠ డిమాండులో 65 శాతం, కాంట్రాక్టు డిమాండులో (సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ పరిమితిలో) 40 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఛార్జీ వేస్తారు. ఒకప్పుడు రెండు పంపుల కోసం 25 కేవీఏ (డిమాండును కొలిచే ప్రమాణం) కాంట్రాక్టు డిమాండు తీసుకున్నారనుకోండి. ఒక బోరు ఎండిపోయింది, ఇప్పుడు గరిష్ఠంగా 7.4 కేవీఏ మాత్రమే నమోదవుతోంది. అయినా 25లో 40 శాతం, అంటే 10 కేవీఏకు కడుతూనే ఉంటారు. కాంట్రాక్టు డిమాండును 8కి తగ్గించుకుంటే 7.4లో 65 శాతం, అంటే 4.8కి కడితే చాలు. ఎంఈఆర్‌సీ (మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) దరల ఉత్తర్వు మారినప్పుడల్లా ఈ శాతాలు ఒకసారి సరిచూసుకోవాలి.

ముందు కనెక్షన్ల లెక్క తేల్చండి

పంచాయతీ పేరున ఉన్న ప్రతి బిల్లునూ ఒకచోట పెట్టి, 12 అంకెల గ్రాహక్ క్రమాంక్ (వినియోగదారు నంబరు) వారీగా పట్టిక రాయండి. పంపు, వీధి దీపాలు, కార్యాలయం, బడి ఏవి ఎక్కడున్నాయో చూసి రండి. మీటరు ఉండి పంపు లేనివి తప్పకుండా ఒకటో రెండో దొరుకుతాయి. బిల్లులో రీడింగ్ చోట ‘ఫాల్టీ’ అని గానీ, ‘సరాసరి’ అని గానీ ఉంటే ఆ మీటరు అంచనా మీద నడుస్తోందని అర్థం. దానికి మీటరు మార్పు కోరుతూ వేరే అర్జీ పెట్టాలి. అది తేలకముందే లోడు (కాంట్రాక్టు డిమాండు) తగ్గింపు అడిగితే, డిమాండు ఎంతో చూపించే ఆధారం ఉండదు.

బిల్లులో ‘దర్ సంకేత్’ (దరల వర్గం కోడ్) కూడా చూడండి. నీళ్ల పంపు ప్రజా నీటి సరఫరా వర్గంలో, దీపాలు వీధి దీపాల వర్గంలో, పంచాయతీ కార్యాలయం ప్రజా సేవల వర్గంలో ఉండాలి. కార్యాలయానికి వాణిజ్య దర పడుతుంటే వర్గం మార్చమని అడిగే హక్కు మీకుంది.

పంపు కొలిచాకే మార్చండి

గంటకు ఎక్కే నీళ్లను కిలోలీటర్లలో తీసుకుని, నీటి ఎత్తును మీటర్లలో దానితో గుణించి, 367తో భాగిస్తే నీటికి నిజంగా కావలసిన కిలోవాట్లు వస్తాయి. ఎత్తు అంటే ట్యాంకు ఎత్తొక్కటే కాదు. పంపు నడుస్తుండగా బోరులో నీరు దిగిన మట్టం నుంచి ట్యాంకు పైపు మూతి దాకా కొలిచి, పైపు రాపిడికి కొంత కలపాలి. గంటకు 24 కిలోలీటర్లు, ఎత్తు 60 మీటర్లు అయితే 3.9 కిలోవాట్లు చాలు. ఒక గంట నడిపి మీటరు రీడింగ్ తీస్తే 11 యూనిట్లు తిరిగిందంటే, పంపు దక్షత 36 శాతమే. రెండు మూడుసార్లు చుట్టించిన 15 హెచ్‌పీ మోటార్ల పరిస్థితి తరచుగా ఇదే. అదే పనికి 56 శాతం దక్షత ఉన్న 7.5 హెచ్‌పీ పంపు గంటకు 7 యూనిట్లతో సరిపెడుతుంది. రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 960 యూనిట్లు మిగులుతాయి.

నీళ్లు తగ్గాయనగానే పెద్ద మోటారు దింపడం మనవైపు ఉన్న అలవాటు. బోరులో ఊట లేకపోతే మోటారు ఎంత పెద్దదైనా గాలే లాగుతుంది.

కొత్త పంపుకు కెపాసిటర్ (పవర్ ఫ్యాక్టర్ పెంచే పరికరం) బిగించాకే లోడు తగ్గింపుకు వెళ్లండి. ఇక్కడ వరస ముఖ్యం. 7 కిలోవాట్లు లాగే మోటారు పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో కిలోవాట్ల వంతు) 0.8 ఉంటే 8.75 కేవీఏ నమోదవుతుంది, 0.95 ఉంటే 7.4. కెపాసిటర్ లేకుండా 8 కేవీఏ అడిగితే నెలనెలా దాటిపోతారు. దాటిన డిమాండుకు ఒకటిన్నర రెట్లు కట్టాలి. 7.5 హెచ్‌పీకి సుమారు 3 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యం కొలత), 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్ పెడతారు. స్టార్టర్ తర్వాత, మోటారుతో పాటే ఆన్, ఆఫ్ అయ్యేలా కలపాలి. స్టార్టింగ్‌లో మోటారు గుంజే కరెంటు గురించి బెంగ అక్కర్లేదు, డిమాండు 30 నిమిషాల సగటు మీద నమోదవుతుంది.

వీధి దీపాలకు టైమర్

దరల ఉత్తర్వుల్లో వీధి దీపాల వర్గం కింద చిన్న నోట్ ఒకటి ఉంది, చాలామంది చూడరు. ఆటోమేటిక్ టైమర్ ఉన్న దీపాలకు కాంట్రాక్టు డిమాండులో 50 శాతం, నిజంగా నమోదైన డిమాండు, ఈ రెంటిలో తక్కువదాని మీదే డిమాండు ఛార్జీ. టైమర్ బిగించి ఊరుకోకుండా, ఫొటోతో సహా అర్జీ ఇచ్చి తనిఖీ కోరండి.

బ్యాటరీ బ్యాకప్ లేని టైమర్ కొనకండి. కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఆగి, వారం తిరిగేసరికి దీపాలు మిట్టమధ్యాహ్నం వెలుగుతుంటాయి. 20 వాట్ల దీపాలు 60 ఉంటే, పగటి 12 గంటల్లో వృథా అయ్యేది రోజుకు 14 యూనిట్లకు పైనే.

దరఖాస్తు

మాసిక్ సభలో (నెలవారీ సమావేశంలో) ఠరావ్ (తీర్మానం) చేయించండి. అందులో గ్రాహక్ క్రమాంక్, ఇప్పటి లోడు, కోరుతున్న లోడు, కారణం, సంతకం చేసే అధికారం ఎవరిదో స్పష్టంగా ఉండాలి. ‘బిల్లు తగ్గించవలసిందిగా’ అని మాత్రమే రాసిన ఠరావ్‌తో పని జరగదు. ప్రతి కనెక్షన్‌కూ విడి అర్జీ పెట్టాలి, అన్నీ ఒకే కాగితంలో రాస్తే ఒకదానికే కదలిక ఉంటుంది. అర్జీ మరాఠీలోనే రాయండి. ప్రాణహిత, గోదావరి అవతల తెలంగాణలో చుట్టాల పంచాయతీ వాడిన నమూనా ఇక్కడ చెల్లదు, అక్కడి సంస్థ వేరు, దరల వర్గాలు వేరు.

జత చేయవలసినవి ఇవి: ఠరావ్ నకలు, చివరి బిల్లు, బకాయి లేదన్న రసీదు, కొత్త మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో, మీటరులో గరిష్ఠ డిమాండు చూపించే ఫొటో. ‘థక్‌బాకీ’ (పాత బకాయి) ఉంటే ముందు దాన్ని తేల్చుకోవాలి.

ఎండిన బోరు కనెక్షన్‌కు లోడు తగ్గింపు కాదు, ‘కాయమ్‌స్వరూపీ ఖండిత్’ (కనెక్షన్ శాశ్వతంగా తీసేయడం) అడగాలి. మీటరు తీసుకెళ్లే రోజున చివరి రీడింగ్ ఫొటో తీసుకోండి. డిపాజిట్ ఆఖరి బిల్లులో సర్దమని అర్జీలోనే రాయండి.

ఉపవిభాగ కార్యాలయంలో ఇచ్చాక ఆవక్ క్రమాంక్ (ఇన్‌వర్డ్ నంబరు), తేదీ వేసిన పోచ్ (అర్జీ అందినట్టు రసీదు) లేకుండా వెనక్కి రావద్దు. ఆన్‌లైన్‌లో పెట్టేవారికి ఎక్కువగా వచ్చే చిక్కు ఓటీపీ: నమోదైన మొబైల్ నంబరు పాత సర్పంచ్‌ది అయి ఉంటుంది. ముందు నంబరు మార్పించుకోండి. మహావితరణ్ ఫోన్ సేవ 1912కు ఫోన్ చేసినా గ్రాహక్ క్రమాంక్ అడుగుతారు.

రెండు బిల్లులు వచ్చినా లోడు మారకపోతే పోచ్ నకలుతో గుర్తుచేస్తూ లేఖ ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు, అక్కడ ఆ పోచే మీ సాక్ష్యం.

మరొకటి. బిల్లు తేదీ నుంచి 7 రోజుల్లో కడితే పన్నులు పోను బిల్లు మీద 1 శాతం తగ్గింపు ఉంది, గడువు దాటితే 1.25 శాతం అదనం. సంతకాల కోసం ఫైలు ఎన్ని రోజులు తిరుగుతుందో లెక్కేసుకుని, బిల్లు చెల్లింపు ఠరావ్‌ను ఏడాదికి ఒకేసారి చేయించుకోవడం మేలు.