జర్మనీలో ఖాళీ ఇల్లు చేతికొచ్చింది, ముందు ఏం కొనాలి?

తాళాలు తీసుకుని లోపలికి వెళ్లి చూస్తే వంటగదిలో ఏమీ లేదు. గోడలోంచి నీళ్ల పైపు, దాని కింద డ్రైన్ పైపు, పొయ్యి కోసం ఒక కరెంటు పాయింటు, అంతే. సింకు లేదు, గట్టు లేదు, అరలు లేవు. హాల్లో పైకప్పు నుంచి వైర్లు వేలాడుతున్నాయి, వాటికి బల్బు హోల్డర్ కూడా లేదు. పని ఇంకా పూర్తికాలేదేమో, ఓనరుకి ఫోన్ చేద్దామా అనుకున్నాం. కానీ జర్మనీలో ఫర్నిచర్ లేని అద్దె ఇల్లు చాలాచోట్ల ఇలాగే ఇస్తారు, ఖాళీ చేసేవాళ్లు తమ వంటగదినీ లైట్లనూ విప్పుకుని వెంట తీసుకెళ్తారు. ఈ సంగతి ముందే తెలిసుంటే మాకు మొదటి నెల టెన్షన్ సగం తగ్గేది.

అందుకే సంతకం పెట్టేముందు వంటగది గురించి అడగండి. ప్రకటనలో ఈబీకే అనే మూడక్షరాలు ఉంటే, అంటే ఐన్‌బావ్‌క్యూషె, బిగించిన వంటగది ఉన్నట్టు. అది ఓనరుదా, ఖాళీ చేస్తున్నవాళ్లదా అన్నది విడిగా తేల్చుకోవాలి. ఓనరుదైతే అద్దెలో భాగం. పాత అద్దెదారులదైతే మీకు అమ్ముతామంటారు, ఆ డబ్బుని ఆబ్లోజె అంటారు. ఇల్లు దొరకడమే గగనమైన ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ లాంటి ఊళ్లలో ఎంత అడిగితే అంత ఇచ్చేస్తాం, కాదంటే ఇల్లు పోతుందేమోనని భయం. కానీ వస్తువు విలువకు మించి మరీ ఎక్కువ రాబట్టుకుంటే ఆ ఎక్కువ భాగం చెల్లదని ఇక్కడ చట్టమే ఉంది. ఏ వస్తువు ఎన్నేళ్ల నాటిదో అడగండి, ఫొటోలు తీసుకోండి, ఏమేం వదిలి వెళ్తున్నారో కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. నా లెక్కలో, మరీ పాడైపోయినది కాకపోతే, ఉన్న వంటగదినే తీసుకోవడం మంచిది. కొత్తది కొలిపించి చేయిస్తే వచ్చి బిగించేసరికి వారాలు పడుతుంది, ఆ వారాలన్నీ బయటి తిండి మీద బతకాలి.

ఖాళీ వంటగదే చేతికొస్తే ప్లగ్గు పెట్టుకునే రెండు బర్నర్ల పొయ్యి ఒకటి, సింకు ఉన్న చిన్న అర ఒకటి కొంటే అన్నం, పప్పు, కూర నడిచిపోతాయి. పొయ్యి కొనేటప్పుడు మన సామాను గుర్తుంచుకోండి. ఇండక్షన్ మీద మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయి. గాజు పలకతో ఉండే మామూలు కరెంటు పొయ్యి మీద అల్యూమినియమైనా వేడెక్కుతుంది గానీ అడుగు చదునుగా ఉండాలి, గుండ్రటి మూకుడు కుదరదు. మిక్సీ మాత్రం నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, ఇక్కడా 230 వోల్టులే, ప్లగ్గుకి అడాప్టర్ ఒకటి చాలు. పెద్ద పొయ్యిని గోడలోని పాయింటుకి కలిపే పని మాత్రం మీరు చేయకండి. అది 400 వోల్టుల లైను, ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

పొయ్యి తర్వాత వెంటనే కావాల్సింది పరుపు. మిగతావన్నీ ఆగుతాయని నేను గట్టిగా చెబుతాను. సోఫా, డైనింగ్ టేబుల్, టీవీ స్టాండు, ఇవన్నీ మొదటి రెండు వారాల్లో కొనేయాలనే ఆత్రం అందరికీ ఉంటుంది, ఊరి నుంచి అమ్మావాళ్లు వీడియో కాల్‌లో ఖాళీ గోడలు చూసి బాధపడతారని కూడా ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆగండి. ఒక నెల ఆ ఇంట్లో ఉంటే పొద్దున ఎండ ఎటు వస్తుందో, ఎక్కడ కూర్చుని తింటున్నారో, హీటర్లు ఏ గోడకున్నాయో తెలుస్తుంది, అప్పుడు కొన్నవి సరిగ్గా అమరుతాయి.

పరుపు మాత్రం కొత్తదే కొనండి. వాడినది ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ఒక్కసారి నల్లులు ఇంట్లోకి వస్తే వదిలించుకోవడం చాలా కష్టం, ఖర్చు కూడా. ఇక్కడి కొలతలు 90, 140, 160, 180 సెంటీమీటర్ల వెడల్పు, పొడవు చాలావరకు 200. 180 మంచం అంటే చాలాసార్లు రెండు 90 పరుపులు పక్కపక్కన పెడతారు, మధ్యలో సందు వస్తుంది. చిన్నపిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకునే ఇళ్లకు అది పనికిరాదు, ఒకటే పరుపు కావాలని అడిగి కొనండి. గట్టిదనం హెచ్2, హెచ్3 అని రాసి ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ గట్టిగా ఉంటుంది. దూది పరుపులకో కొబ్బరి పీచు పరుపులకో అలవాటుపడ్డ నడుములకు హెచ్3 నుంచి మొదలుపెట్టి చూడమంటాను. ఆన్‌లైన్‌లో కొంటే చేతికొచ్చిన నాటి నుంచి 14 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు. పైన ప్లాస్టిక్ కవరు చించినా ఆ హక్కు పోదని 2019లో యూరోపియన్ కోర్టు తీర్పు కూడా ఇచ్చింది. షాపుకి వెళ్లి కొన్నదానికి చట్టప్రకారం అలాంటి హక్కు లేదు, షాపు వాళ్ల సొంత నియమం ఏంటో బిల్లు కట్టేముందు అడగాలి.

ఇక టేబుళ్లు, కుర్చీలు, పుస్తకాల అరలు, చెక్క మంచాలు వాడినవి కొనడానికి నేను ఏమాత్రం వెనకాడను. ఇక్కడ అందరూ చూసేది క్లైన్‌ఆన్‌త్సైగెన్ అనే సైటు. జర్మన్ రాకపోయినా కొన్ని మాటలు నేర్చుకోండి. ధర పక్కన వీబీ అని ఉంటే బేరమాడొచ్చు. త్సు ఫెర్‌షెంకెన్ అంటే ఉచితంగా ఇచ్చేస్తున్నారు. జెల్బ్‌స్ట్‌ఆబ్‌హోలర్ అంటే మనమే వెళ్లి తెచ్చుకోవాలి. మెసేజ్ పెట్టేటప్పుడు పలకరింపు, మీ పేరు, ఏ రోజు ఏ టైముకి రాగలరో రాయండి, ఊరికే ధర తగ్గిస్తారా అని రాస్తే చాలామంది జవాబివ్వరు. వస్తువు చూడకుండా డబ్బు పంపొద్దు, వేరే లింకు పంపి కార్డు వివరాలు అడిగితే అక్కడితో ఆపేయండి. వస్తువు చూశాక అక్కడికక్కడే నోట్లిచ్చి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. సోజియాల్‌కావ్‌హావ్స్ అనే దుకాణాలు కూడా చాలా ఊళ్లలో ఉంటాయి, దానంగా వచ్చిన సామాను తక్కువ ధరకి అమ్ముతారు. కొత్తది కావాలంటే 2018లో హైదరాబాద్‌లో తెరిచిన ఐకియా మనకు తెలిసిందే, ఇక్కడి ఐకియాల్లో వెనక్కి వచ్చినవీ షోరూంలో పెట్టినవీ తగ్గించి అమ్మే మూల ఒకటి ఉంటుంది, ముందు అక్కడికి వెళ్లండి. ఆదివారం షాపులు మూసే ఉంటాయి, శనివారం పొద్దున్నే బయల్దేరితే నయం.

కొనడం తేలిక, ఇంటికి చేర్చడమే అసలు పని. మేం ఒక పెద్ద మూడు తలుపుల బీరువా వాడినది కొన్నాం, ధర బాగా తక్కువ, చెక్క గట్టిది. మెట్ల మలుపు దగ్గర పక్క పలక తిరగలేదు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సాయానికి వచ్చిన తమ్ముళ్లిద్దరూ చలిలో కూడా చెమటలు కక్కారు. తర్వాత పై భాగాలు బిగిద్దామంటే ఏ పలక ఎక్కడిదో తెలియలేదు, వెనక అట్ట విరిగింది. అప్పటి నుంచి మీటర్ టేపు ఎప్పుడూ నా బ్యాగులోనే ఉంటుంది: తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోతు, మూడూ కొలిచి ఫోన్‌లో రాసుకున్నాకే ఏదైనా. డెలివరీ పెట్టించుకుంటే బోర్డ్‌స్టైన్‌కాంటె అనే మాట ఉందేమో చూడండి, ఉంటే లారీ వాళ్లు రోడ్డు అంచున దించేసి వెళ్లిపోతారు. వ్యాను అద్దెకు తీసుకుని మీరే నడపాలంటే మన లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలలే చెల్లుతుంది, అనువాదం కూడా దగ్గరుండాలి.

అమర్చేటప్పుడు రెండు సంగతులు. బీరువాలను బయటి గోడకు ఆనించకండి, ఓ పది సెంటీమీటర్లు వదలండి, లేకపోతే చలికాలంలో వెనక బూజు పడుతుంది, మన వంటల ఆవిరి దీనికి తోడవుతుంది. వంటగది హాలుతో కలిసి ఉన్న ఇళ్లలో తాళింపు వాసన నేరుగా సోఫా బట్టలోకి వెళ్తుంది, చాలా ఇళ్లలో చిమ్నీ గాలిని బయటికి పంపకుండా వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. అందుకని కవర్లు ఊడదీసి ఉతుక్కునే సోఫానే కొనండి. గోడలకు డ్రిల్లింగ్ ఆదివారమూ పండగ రోజుల్లోనూ వద్దు, రాత్రి పది దాటాక అసలే వద్దు. స్విచ్చులకూ ప్లగ్గులకూ నేరుగా పైనా కిందా వైరు ఉండొచ్చు, అక్కడ రంధ్రం పెట్టకండి.

మనలో చాలామంది రెండు మూడేళ్లలో ఉద్యోగం మారి ఇంకో ఊరికి వెళ్తాం. అప్పుడు ఇంట్లో ఒక్క కుర్చీ కూడా ఉండకుండా ఊడ్చి ఇవ్వాలి, లేదంటే ఆ ఖర్చు డిపాజిట్‌లోంచి పోతుంది. పెద్ద సామాను వీధిలో పడేస్తే జరిమానా, ష్పెర్‌ముల్ అని మునిసిపాలిటీ వాళ్ల దగ్గర ముందుగా రోజు తీసుకోవాలి. కాబట్టి ఊడదీసి మళ్లీ బిగించగలిగేవి కొనండి, బిగించే కాగితాలు దాచండి. ఊడదీసేటప్పుడు స్క్రూలన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి ఆ పలకకే టేపుతో అంటించండి, పలకల వెనక పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని రాయండి. మీరు వెళ్లే నెల ముందే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టండి, కొత్తగా దిగినవాళ్లు ఎవరో ఒకరు ఖాళీ గదిలో నిలబడి వాటి కోసమే చూస్తుంటారు.